సన్యాసిరావు గిటార్లు

సన్యాసిరావుకి వచ్చిన చిక్కు ఇది. రెండు గిటార్లు చూశాడు. రెండూ నచ్చాయి. ఏది కొనాలో తేలడం లేదు.

పేరుకి సన్యాసి గానీ, అప్పటికే మనిషి దగ్గర అయిదు గిటార్లున్నాయి. ఒకటి మంచం కింద, రెండు బీరువా మీద, ఒకటి దేవుడి గది తలుపు వెనక, ఒకటి డాబాగార్డెన్స్‌లో తన కళ్లజోళ్ల షాపులో. మొదటిదాని మెడ లావుగా ఉందని రెండోది కొన్నాడు. రెండోదానికి తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయని మూడోది. మూడోదాని గొంతు బొంగురుగా ఉందని నాలుగోది. అయిదోది ఎందుకు కొన్నాడో నాకూ తెలీదు, వాళ్లావిడ ఈశ్వరమ్మకీ తెలీదు. నీలం రంగు బాగుందని ఒకసారి అన్నాడు.

నేనూ అతనూ ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం కాబట్టి ఇదంతా దగ్గరుండి చూశాను. నా పేరు అప్పన్న. లేత్ షెడ్డులో పని. గిటారు నాకూ సరదాకే.

మాస్టారి పేరు యిర్మీయా. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. జ్ఞానాపురంలో రెండు గదుల పెంకుటిల్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, కాసేపు నడుం వాల్చి, మూడింటికి తలుపు తీస్తారు. లోపల ఆరు కుర్చీలుంటాయి. బయట అరుగు.

లోపలికి వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. మాస్టారు గుమ్మంలో నిలబడి "ఎడమ చెయ్యి ఇవ్వు" అంటారు. పెద్దాయనకి ఎడమ చెయ్యి ఎలా ఇస్తామని కొత్తవాళ్లు తటపటాయించి కుడి చెయ్యి చాపుతారు. మాస్టారు దాన్ని మెల్లగా పక్కకి నెట్టి ఎడమదే పట్టుకుంటారు. నాలుగు వేళ్ల కొసలూ తన బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూస్తారు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసి ఉంటే లోపల కుర్చీ. మెత్తగా ఉంటే అరుగు. అరుగు మీద కూర్చుని ఎంతసేపైనా వినొచ్చు, వాయించకూడదు. అంతే. తిట్టరు. వారమంతా ఏం వెలగబెట్టావని అడగరు. టీ కూడా అరుగు మీదవాళ్లకే ముందిస్తారు.

లేత్ పని వల్ల నా వేళ్లు ఎలాగూ బండబారి ఉంటాయి. చేరిన కొత్తలో ఆ ధైర్యంతోనే, వారమంతా గిటారు ముట్టుకోకుండా దర్జాగా వెళ్లి చెయ్యి చాపాను. మాస్టారు నొక్కి చూసి, "ఇది ఇనుము అప్పన్నా. తీగ కాదు" అని అరుగు చూపించారు. తీగ వల్ల కాసిన కాయకి సన్నటి గీత ఉంటుందట. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

సన్యాసిరావుది మాత్రం నాలుగేళ్లుగా అరుగే.

బద్ధకస్తుడని అనుకునేరు, కాదు. గిటారు గురించి అతనికి తెలియని సంగతంటూ లేదు. ఏ చెక్క ఏ దేశంలో పెరుగుతుంది, ఎన్నేళ్లు ఆరబెడతారు, ఏ జిగురుతో అతుకుతారు, పాత గిటారు గొంతు కొత్తదానికి ఎందుకు రాదు, అన్నీ చెప్పేవాడు. ఎక్కడ గిటారు కనిపించినా వీపు మీద వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. అలా వింటున్నప్పుడు ఆ ముఖం చూడాలి, చిన్నపిల్లాడికి పీచుమిఠాయి దొరికినట్టుండేది. అతని పక్కన కూర్చుంటే నాకు కాలం తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే, అతని కబుర్ల కోసమే నేను ఒకటి రెండు ఆదివారాలు కావాలని అరుగు మీద ఉండిపోయాను.

"ఒక్కొక్క చేతికి ఒక్కొక్క గిటారు రాసిపెట్టి ఉంటుంది అప్పన్నా" అనేవాడు. "నా చేతికి సరిపోయేది ఇంకా దొరకలేదు. దొరికిన రోజు చూడు, రోజూ వాయిస్తాను. నన్నెవడూ ఆపలేడు."

మాస్టారు అందరికీ మొదట నేర్పే పాట ఒకటుంది. దానికి పేరు లేదు, మాటలూ లేవు, మాస్టారే ఎప్పుడో కట్టుకున్నారు. మూడు నిమిషాలు ఉంటుంది. సగం దాటాక ఒకచోట చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా వేసి ఒకేసారి నొక్కాలి. గిటారు నేర్చుకునే ప్రతివాడికీ అక్కడే ప్రాణం పోతుంది. గట్టిగా నొక్కకపోతే తీగ గర్రుమంటుంది.

సన్యాసిరావు దాన్ని అరుగు మీద విని పట్టేశాడు గానీ, ఇంట్లో వాయించేటప్పుడు అక్కడి దాకా బాగానే వచ్చి ఆగిపోయేవాడు. ఆగి, గిటారు ఎత్తి, మెడ వైపు ఒక కన్ను మూసి చూసేవాడు. "ఇదిగో, ఇక్కడ వంపుంది" అనేవాడు. అయిదు గిటార్లకీ అక్కడే వంపు.

ఒకసారి మా అమ్మ కళ్లజోడు కోసం వెళ్తే షాపులో ఈశ్వరమ్మ ఉంది. "నాలుగేళ్ల నుంచి వింటన్నానన్నయ్యా ఆ పాట" అంది. "చివర ఎలా ఉంటదో నాకింతవరకూ తెల్దు." నవ్వుతూనే అంది గానీ అది పూర్తిగా నవ్వు కాదు.

ఏటా డిసెంబరు మొదటి ఆదివారం మాస్టారి పెరట్లో అందరం తలా ఒక పాట వాయిస్తాం. ఇంటివాళ్లని తీసుకొస్తాం, ఇరుగుపొరుగు గోడల మీంచి వింటారు. మూడేళ్లూ సన్యాసిరావు ఏదో వంక చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి వాయిస్తానని ఈశ్వరమ్మకి మాటిచ్చేశాడు. ఆవిడ అనకాపల్లిలో ఉన్న అక్కని కూడా పిలిచేసింది.

అక్టోబరు నెలాఖర్లో ఒక రోజు నాతో అన్నాడు.

"ఈసారి కూడా వల్ల కాకపోతే ఇంక మానేస్తాను అప్పన్నా. అయిదూ అమ్మేసి బుద్ధిగా షాపు చూసుకుంటాను. నలుగురిలో నవ్వులపాలవడం నా వల్ల కాదు."

ఆ మాట అన్నప్పుడు నా ముఖం చూడలేదు. నాకు గుబులేసింది. ఇంత ఇష్టం ఉన్న మనిషి మానేస్తే మిగతావాళ్లం ఎందుకు వాయిస్తున్నట్టు?

అప్పుడే ఈ రెండు గిటార్లు అతని కంటపడ్డాయి. వాయిద్యాల షాపు అతన్ని బతిమాలి, నమ్మించి, రెండ్రోజులు చూసి ఇస్తానని రెండూ ఆటోలో వేసుకుని ఆదివారం నేరుగా జ్ఞానాపురం వచ్చాడు.

అరుగు మీద రెండు పెట్టెలూ తెరిచాడు. ఒకటి ముదురు రంగు చెక్క, గొంతు లోతుగా ఉంది. ఒకటి లేత రంగు, గొంతు తేటగా ఉంది. మాస్టారు వంగి రెండూ చూశారు. ఒకదాని మధ్య రంధ్రంలో ముక్కు పెట్టి వాసన కూడా పీల్చారు.

"బాగుందయ్యా. కొత్త బీరువా వాసన."

"మాస్టారూ, నా చేతికి ఏది సరిపోతుందంటారు?" అన్నాడు సన్యాసిరావు. "మీరు ఏది అంటే అది. కళ్లు మూసుకుని కొనేస్తాను. నెల రోజులుంది, ఎలాగైనా వాయిస్తాను."

మాస్టారు నడుం మీద చెయ్యేసుకుని లేచారు.

"ఎడమ చెయ్యి ఇవ్వు."

ఇచ్చాడు. నాలుగు వేళ్లూ నొక్కి చూశారు. చేతిని మెల్లగా వదిలేశారు. గిటార్ల సంగతి ఎత్తలేదు.

"నీ షాపు బుధవారం తీసి ఉంటుందా?"

"ఉంటుంది మాస్టారూ. ఏం?"

"దగ్గరవి ఆనట్లేదు. జోడు మార్చుకోవాలి."

బుధవారం పొద్దున్న నన్ను తోడు రమ్మన్నారు. సిటీ బస్సులో వెళ్లాం.

షాపులో సన్యాసిరావు వేరే మనిషి. గొంతు కూడా వేరుగా ఉంటుంది. ఇద్దరు కస్టమర్లని కూర్చోబెట్టి, ఒకాయన జోడు ముక్కు దగ్గర వంచి సరిచేసి, ఇంకొకామెకి కంట్లో చుక్కల మందు వేసుకునే పద్ధతి చెప్పి పంపేశాడు. మాస్టారు కనబడగానే కుర్చీ తుడిచాడు. చూపు పరీక్ష చేసే గది తలుపు తీశాడు.

మాస్టారు అటు వెళ్లలేదు. అద్దం ముందుకెళ్లి నిలబడ్డారు.

"ఆ నల్లది తియ్యి."

తీసిచ్చాడు. మాస్టారు పెట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు.

"ఇదేం సరుకు?"

"మంచి ప్లాస్టిక్ మాస్టారూ. రంగు పోదు."

"బరువెంత ఉంటుంది?"

"తేలికే."

"ఆ బంగారు రంగుది? అది ఏ దేశంది?"

"ఇటలీ అంటారు మాస్టారూ."

"దీని కాళ్లు కొంచెం పొడుగనిపించట్లా? ముక్కు మీద కూర్చునే ఈ బుడిపెలున్నాయే, ఇవి గట్టివి మంచివా, మెత్తవి మంచివా?"

పన్నెండు ఫ్రేములు పెట్టి చూశారు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే నవ్వు ఆపుకోవడానికి ఏదో ఒకటి చెయ్యాలి. ఆయన ముఖంలో మాత్రం నవ్వు జాడ లేదు. ప్రతిదాన్నీ వేలితో తట్టి చూశారు. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాడ విప్పి మూసి చప్పుడు విన్నారు. సన్యాసిరావు ఓపిగ్గా జవాబులు చెబుతూనే ఉన్నాడు. ఈలోగా ఇద్దరు వచ్చి నిలబడి వెళ్లిపోయారు.

పై అరలో ఎర్ర ఫ్రేము ఒకటుంది. టమాటా పండు ఎరుపు.

"అది."

"అది కాలేజీ అమ్మాయిలు కొనే మోడల్ మాస్టారూ."

"అయితే ఏంటి?"

పెట్టుకున్నారు. షాపు గుమ్మం దాకా వెళ్లి రోడ్డు చూశారు. చొక్కా జేబులోంచి చిన్న బైబిలు తీసి ముఖం దగ్గర పెట్టుకున్నారు, దూరం పెట్టుకున్నారు.

"దీనికీ ఆనట్లేదు."

"ఆనదు మాస్టారూ. అందులో ఉన్నది ఉత్త డమ్మీ అద్దం."

"నల్లదానికి?"

"దానికీ డమ్మీయే."

"మరి నా కళ్లకి ఏది సరిపోతుందంటావు? నువ్వు ఏది అంటే అది. కళ్లు మూసుకుని కొనేస్తాను."

సన్యాసిరావుకి అప్పటికి ఓపిక అయిపోయింది. మాస్టారి మీద అతను గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, ఆ ఒక్కసారే.

"ఫ్రేములో ఏముంది మాస్టారూ? ముందు కళ్లు చూడాలి కదా. కళ్లు చూడకుండా మీరు ఎన్ని ఫ్రేములు మార్చినా..."

అక్కడ ఆగిపోయాడు. పాటలో ఆగినట్టే ఆగిపోయాడు.

ఫ్యాను తిరుగుతోంది. రోడ్డు మీద చెరుకు రసం బండి గంటలు వినిపిస్తున్నాయి. మాస్టారు ఎర్ర ఫ్రేము తీసి, కాళ్లు మడిచి, బల్ల మీద పెట్టారు.

"అయితే చూడు" అన్నారు.

పరీక్ష గదిలోకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు. సన్యాసిరావు అద్దాలు మార్చే బరువైన ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టాడు. ఒక్కో కంటికీ ఒక్కో అద్దం వేస్తూ, తీస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడిగాడు. ఎంత నెమ్మదిగా చేశాడో చెప్పలేను. పని తెలిసినవాడి చేతులు ఎక్కడ చూసినా నాకు ముచ్చటేస్తుంది.

"దగ్గరివంటే మీరు ఎక్కువగా ఏం చూస్తారు మాస్టారూ? చదువుకుంటారా?"

"తీగలు చూస్తాను. మీ వేళ్లు చూస్తాను."

"అయితే ఆ దూరానికే నంబరు పట్టాలి" అని సన్యాసిరావు చుట్టూ చూశాడు. దూరం కొలవాలంటే గిటారు కావాలి. వెనక గదిలోకి వెళ్లి నీలం గిటారు తీసుకొచ్చి మాస్టారి ఒళ్లో పెట్టాడు.

మాస్టారు దాన్ని వాయించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. వాయించలేదు. మెడ వైపు తల వంచారు. సన్యాసిరావు ఒక అద్దం తీసి ఇంకొకటి వేశాడు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."

ఇంకొకటి వేశాడు.

"ఆఁ. ఇప్పుడు ఆనింది. శుభ్రంగా కనిపిస్తోంది."

"ఏం కనిపిస్తోంది మాస్టారూ?"

"దుమ్ము."

వెటకారంగా అనలేదు. బోర్డు మీద అక్షరం చదివినట్టు అన్నారు.

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. సన్యాసిరావు చీటీ మీద నంబరు రాశాడు. పెన్ను మూత పెట్టాడు. అద్దాలు తుడిచే పసుపు గుడ్డ తీసుకుని, గిటారు ఇంకా మాస్టారి ఒళ్లో ఉండగానే, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని మెడ తుడవడం మొదలుపెట్టాడు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య, తీగల కింద, ఎక్కడా తొందర పడకుండా తుడిచాడు. మాస్టారు కదలకుండా కూర్చున్నారు. తుడవడం అయ్యాక గిటారు అతని చేతికిచ్చి లేచారు.

"ఇప్పుడు పద" అన్నారు. "ఆ ఎర్రది చూద్దాం."

నిజంగానే ఆ ఎర్రదే తీసుకున్నారు. వద్దని నేనూ చెప్పాను, వినలేదు. చర్చికి కూడా అదే పెట్టుకెళ్లారు.

రెండు గిటార్లూ ఎప్పుడో వాయిద్యాల షాపుకి తిరిగిచ్చేశాడని తర్వాత తెలిసింది. బీరువా మీదవి, తలుపు వెనకది ముట్టుకోలేదు. మంచం కింద ఉన్న మొదటి గిటారు బయటికి తీశాడు. కొత్త తీగలు వేశాడు.

ఆ ఆదివారం గుమ్మంలో ఎడమ చెయ్యి ఇచ్చాడు. వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయి బొబ్బలెక్కి ఉన్నాయి. మాస్టారు నొక్కలేదు, ఊరికే పట్టుకుని వదిలేశారు. అరుగు. తర్వాతి వారం బొబ్బలు పగిలి తోలు ఊడుతోంది. అరుగే. నాకు కోపం వచ్చింది, ఇంకేం చెయ్యాలట మనిషి అని. సన్యాసిరావు మాత్రం టీ తాగుతూ ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"ఒక సంగతి కనిపెట్టాను అప్పన్నా. దీని మెడ లావు కాదు. నా బొటనవేలు వెనక నుంచి పైకి ఎక్కిపోతోంది. అందుకే చూపుడువేలికి బలం చాలట్లేదు."

ఆ తర్వాతి వారం ఇంకొకటి చెప్పాడు.

"మూడోదాని గొంతు బొంగురని కొత్తది కొన్నానే, పాపం దాని తప్పేం లేదు. సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టి ఉంటాయి. కొన్నప్పటి నుంచి మార్చిందెప్పుడు?"

చెక్కల గురించి చెప్పేటప్పుడు ఎలా వెలిగేదో ఇప్పుడూ అతని ముఖం అలాగే వెలుగుతోంది. చెబుతున్నది మాత్రం తన చేతి గురించి.

నవంబరు చివరి ఆదివారం మాస్టారు అతని వేళ్లు నొక్కారు. చూపుడువేలు రెండోసారి నొక్కారు. గుమ్మంలోంచి పక్కకి జరిగారు. సన్యాసిరావుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని, ఆ గది అంతా మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. చూడ్డమేంటి, మొదటిసారే.

డిసెంబరు మొదటి ఆదివారం పెరట్లో చాపలు పరిచాం. ఈశ్వరమ్మ, వాళ్లక్క ముందు వరసలో కూర్చున్నారు. సన్యాసిరావు మంచం కింది గిటారు తీసుకుని మధ్యలో కూర్చున్నాడు. తీగలు ఒకసారి సరిచూసుకున్నాడు.

మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చాడు. ఆ పట్టు దగ్గరికి వచ్చాడు. చూపుడువేలు అడ్డంగా వేశాడు. ఒక తీగ గర్రుమంది.

ఈశ్వరమ్మ తల వంచేసుకుంది.

సన్యాసిరావు ఆగలేదు. గిటారు ఎత్తి చూడలేదు. తర్వాతి పట్టుకి వెళ్లిపోయాడు, దాని తర్వాతదానికి వెళ్లిపోయాడు. ఈశ్వరమ్మ తలెత్తింది. పాట మెల్లగా దిగి, దిగి, ఒక్క తీగ మీద నిలిచి, అయిపోయింది.

ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. ఈశ్వరమ్మ ఇంకా వింటోంది. కాసేపటికి అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాడు.

"చివర ఇలా ఉంటదా" అంది.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

అందరూ వాయించేశాక, టీలు అయ్యాక, మాస్టారు మా దగ్గరికి వచ్చారు. ఎర్ర కళ్లజోడు ముక్కు మీదికి సర్దుకున్నారు.

"ఎడమ చెయ్యి ఇవ్వు."

సన్యాసిరావు చాపాడు. ఈసారి నొక్కలేదు. వేళ్లు వెలుతురు వైపు తిప్పి, కళ్లజోడులోంచి ఒక్కొక్క కొసా తీరుబడిగా చూశారు. నాలుగు కొసల మీదా నాలుగు సన్నటి గీతలు. చూసి, చెయ్యి వదిలి, మెట్టు కిందున్న చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

"ఆ వాయిద్యాల షాపు ఆదివారం తీసి ఉంటుందా?"

"ఉంటుంది మాస్టారూ."

"ఇప్పుడు పద" అన్నారు. "ఆ రెండు గిటార్లూ చూద్దాం."